చుక్క చుక్కకీ ఒక సలహా

మా ఇంట్లో రెండు బాత్రూములున్నాయి. ఒకటి మా గదికి ఆనుకుని ఉంటుంది, ఇంకోటి హాల్లోంచి వెళ్ళేది. రెండోదాన్ని పేరుకి అందరిదీ అంటాం గానీ, అది మా అత్తయ్యదే. ఆవిడ కూర్చుని స్నానం చేసే ప్లాస్టిక్ స్టూలు, మోకాళ్ళ నొప్పుల నూనె సీసా, సున్నిపిండి డబ్బా అన్నీ అక్కడే ఉంటాయి. ఆవిడకి 78 ఏళ్ళు. బకెట్లోంచి వంగి చెంబుతో ముంచుకోవడం కష్టమైపోయి, ఐదేళ్ళ కిందట షవరుకి అలవాటు పడ్డారు. "వానలో తడిసినట్టుంది, ఇదేం స్నానం అమ్మాయ్" అని మొదట్లో విసుక్కున్నారు. నెల తిరిగేసరికి "ఇదే హాయిగా ఉంది" అన్నారు.

మొన్న సంక్రాంతికి ముందు ఆ షవరు కారడం మొదలుపెట్టింది.

మొదట చుక్క, చుక్క. రాత్రిపూట ఇల్లంతా సద్దుమణిగాక ఆ చప్పుడు మా గది దాకా వినిపించేది. నాబ్ గట్టిగా తిప్పితే ఆగేది. కొన్నాళ్ళకి గట్టిగా తిప్పినా ఆగలేదు. ఇంకా గట్టిగా తిప్పితే నాబే వదులైపోయి చేతిలో గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ఇలాంటివి మనందరి ఇళ్ళల్లో జరిగేవే కదా. పండగ అయ్యాక చూద్దాం అనుకున్నాం.

మావారు లెక్కల మనిషి. లీటరు మగ్గు ఒకటి షవరు కింద పెట్టి, టైము చూశారు. 40 నిమిషాలకి నిండింది. అంటే రోజుకి 36 లీటర్లు. రెండు బకెట్ల నీళ్ళు! మేముండేది కూకట్‌పల్లి వైపు. మంజీరా నీళ్ళు వంటకీ తాగడానికీ, మిగతా అన్నిటికీ బోరు. ఎండాకాలం వస్తే బోరు కూడా చాలక అపార్టుమెంటు వాళ్ళందరం ట్యాంకర్లకి డబ్బులు పోగుచేసుకుంటాం. అలాంటిది రోజుకి రెండు బకెట్లు ఊరికే పోతున్నాయంటే నా ప్రాణం ఒప్పలేదు. ఆ కారే నీళ్ళు బకెట్లో పట్టి గిన్నెలు తోమడానికి వాడుకున్నాను. వాడుకున్నంత మాత్రాన సమస్య తీరదుగా.

అక్కడినుంచి ఇంట్లో సలహాలు మొదలయ్యాయి.

ముందు అసలు పాడైంది ఏమిటో చెప్తాను. గోడ మీద బయటికి కనిపించేవి మూడు గుండ్రటి నాబులు. ఎడమది వేడి నీళ్ళకి, కుడిది చన్నీళ్ళకి, మధ్యది నీళ్ళు కింద పంపుకి వెళ్ళాలా పైన షవరుకి వెళ్ళాలా అని మార్చేది. ఈ మూడూ కలిసి ఒక ఇత్తడి దిమ్మ. ఆ దిమ్మ గోడ లోపల ఉండిపోతుంది, పైన టైల్స్ వేసేస్తారు. ప్లంబర్లు దాన్ని డైవర్టర్ అంటారు, కొందరు మిక్సర్ అంటారు. బయట అందంగా ఉంటుంది, ఏమన్నా వస్తే మాత్రం గోడతోనే పేచీ.

కొళాయి సామాన్ల షాపులో అడిగితే ఒక ప్లంబర్ని పంపించారు. కుర్రాడు. వచ్చాడు, నాబ్ అటూ ఇటూ తిప్పాడు, సెల్లుతో ఫోటో తీశాడు, "మొత్తం మార్చెయ్యాలి మేడమ్. ఇది పాత మోడల్, ఇప్పుడు రావట్లేదు" అన్నాడు. గోడ పగలగొట్టడం, కొత్త డైవర్టర్, మళ్ళీ టైల్స్, కూలీ అన్నీ కలిపి 28 వేలు చెప్పాడు. ఎన్నాళ్ళు పడుతుందంటే, "నాలుగు రోజులు, మహా అయితే వారం" అన్నాడు. వాళ్ళ వారం ఎంతో మనకి తెలియంది కాదు.

మావారు సగం ఒప్పేసుకున్నారు. "20 ఏళ్ళు దాటింది ఫ్లాటు కొని. బాగుచేయిస్తూ కూర్చుంటే ఇవాళ ఇది, రేపు ఇంకోటి. ఒకేసారి వదిలించుకుందాం" అన్నారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి వీడియో కాల్లో, "థర్మోస్టాటిక్ వాల్వ్ పెట్టించండమ్మా, మనం అనుకున్న వేడి దగ్గరే నీళ్ళు ఆగుతాయి" అంది. దానికి ఇంకో పదివేలు పైనే.

నేను మాత్రం బాగుచేయించడం వైపే. కారణాలు రెండు. ఒకటి, దుమ్ము. బాత్రూము గోడ పగలగొడితే ఆ సిమెంటు దుమ్ము పప్పు డబ్బాల మూతల మీద దాకా వచ్చి కూర్చుంటుంది. అది తుడిచేది ఎవరో వేరే చెప్పాలా? రెండోది, టైల్స్. లేత నీలం పువ్వులున్న టైల్స్ అవి. 2004లో ఫ్లాటు కొన్నప్పుడు మామయ్యగారు స్వయంగా వెళ్ళి తెచ్చినవి. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు ఆ డిజైను ఎక్కడా దొరకదు. పగలగొడితే ఆ గోడ మధ్యలో వేరే రంగు ముక్క అతికించాలి, లేదా మొత్తం నాలుగు గోడలూ మార్చాలి. "అత్తయ్య మనసు కష్టపెట్టుకుంటారండీ, మామయ్యగారు ఏరికోరి తెచ్చినవి" అన్నాను. ఆ మాటతో మావారు కాస్త మెత్తబడ్డారు. నేను కూడా అత్తయ్య తరఫున మాట్లాడుతున్నానని గొప్పగానే అనుకున్నాను.

ఇలా ముగ్గురం మూడు మాటలు అనుకుంటూ మూడు వారాలు గడిపేశాం. ఆ షవరు కింద రోజూ కూర్చునే మనిషిని మాత్రం ఎవరం ఏమీ అడగలేదు.

ఆదివారాలు అత్తయ్య తలకి నూనె రాస్తాను. ఆ ఆదివారం నూనె మెడ మీదికి జారితే పమిట పక్కకి జరిపి తుడవబోయాను. కుడి భుజం వెనకాల అరచేయంత మేర ఎర్రగా కమిలిపోయి ఉంది. మధ్యలో చర్మం ఊడి తడిగా ఉంది.

"ఇదేమిటత్తయ్యా?"

"ఏదో ఒరుసుకుపోయింది. మంచం కోడు తగిలినట్టుంది."

భుజం వెనక్కి మంచం కోడు ఎలా తగులుతుంది? రెండోసారి గట్టిగా అడిగితే చెప్పారు. నాలుగు రోజుల కిందట స్నానం చేస్తుంటే గోరువెచ్చగా వస్తున్న నీళ్ళు ఒక్కసారిగా సలసల కాగే నీళ్ళయిపోయాయట. సబ్బు చేత్తో నాబ్ తిప్పబోతే జారిపోయింది. స్టూలు మీంచి చప్పున లేవలేకపోయారు. ఎలాగో పక్కకి జరిగేసరికి ఇది.

"మరి ఈ నాలుగు రోజులూ స్నానం?"

"బకెట్టుంది కదమ్మా" అన్నారు.

ఆ బకెట్టు నేను పెట్టిన బకెట్టే, కారే నీళ్ళు పట్టుకోవడానికి పెట్టింది. జనవరి చలిలో రాత్రంతా నిండిన ఆ చన్నీళ్ళతో, నొప్పుల మోకాళ్ళతో వంగి ముంచుకుని, ఆవిడ నాలుగు రోజులు స్నానం చేశారు. గీజర్ స్విచ్ హాల్లో, నా కళ్ళ ముందే ఉంది. నాలుగు రోజులు ఆ ఎర్ర లైటు వెలగలేదని నేను గమనించనే లేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడకి షుగరు కూడా ఉంది కాబట్టి పుండు పడకుండా చూసుకోమని ఆయింట్‌మెంట్ ఇచ్చారు. కాలిన వెంటనే మామూలు చల్లటి కొళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచాల్సిందని, ఐసు ముక్కలూ పేస్టూ పెట్టకూడదని చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు. 60 డిగ్రీల నీళ్ళు పెద్దవాళ్ళ ఒంటి మీద ఐదు సెకన్లు పడితే చాలు, లోతుగా కాలుతుంది. వయసు మళ్ళినవాళ్ళకి చర్మం పల్చబడుతుంది కాబట్టి ఆ మాత్రం కూడా అక్కర్లేదు. షుగరున్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, కాలుతున్న సంగతే ఆలస్యంగా తెలుస్తుంది. ఇంటికొచ్చి మా గీజర్ చూస్తే, ముల్లు దాదాపు చివరికి తిప్పి ఉంది. చలికాలం కదా అని తిప్పింది నేనే.

నీళ్ళు ఒక్కసారిగా ఎందుకు కాగాయో కూడా తర్వాత అర్థమైంది. మా వంటింటికీ ఆ బాత్రూముకీ చన్నీళ్ళు వచ్చేది ఒకే పైపులోంచి. ఇక్కడ నేను పంపు తిప్పినా, వాషింగ్ మెషిన్ నీళ్ళు లాగినా, అక్కడ చన్నీళ్ళ ధార తగ్గుతుంది. వేడి నీళ్ళు మాత్రం గీజర్లోంచి అంతే జోరుగా వస్తుంటాయి. దానికి తోడు చన్నీళ్ళ వైపు గార పట్టి దారి సన్నబడితే ఇక చెప్పక్కర్లేదు. ఆ రోజు ఆ టైములో నేనేం చేస్తున్నానో గుర్తుచేసుకున్నాను. పొద్దున ఎనిమిదింటికి రోజూ చేసేదే, మెషిన్‌లో బట్టలు వేయడం.

ఆ రాత్రి అత్తయ్య పక్కన కూర్చుని అడిగాను. "మాకెందుకు చెప్పలేదత్తయ్యా? గోడ పగలగొడతారనా? మామయ్యగారి టైల్స్ పోతాయనా?"

ఆవిడ నా వైపు వింతగా చూశారు. "టైల్సా? ఏరికోరి తెచ్చాడని నీకెవరు చెప్పారు? షాపులో మిగిలిపోయిన సరుకు, సగం ధరకిస్తున్నాడని ఎత్తుకొచ్చారు మీ మామగారు. నాకప్పుడే నచ్చలేదు. ఆ నీలం పువ్వులు చూస్తే నాకు ఆసుపత్రి కర్టెన్లు గుర్తొస్తాయి."

20 ఏళ్ళుగా నేను ఆ టైల్స్‌ని మామయ్యగారి జ్ఞాపకంగా తోముతున్నాను! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత దుప్పటి అంచు మడతపెడుతూ అన్నారు. "చెప్తే ఏమంటారు? రేపట్నించి నేనొచ్చి పోస్తానంటావు నువ్వు. ఒకసారి మొదలైతే అది ఇక ఆగదమ్మాయ్. మా అమ్మకి ఆఖరి నాలుగేళ్ళూ నేనే పోశాను. నీళ్ళు పోస్తున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉండేది. ఎందుకో అప్పుడు తెలియలేదు నాకు."

నేనేమీ అనలేకపోయాను. ఆవిడ అనుకున్నది నిజం. భుజం చూసిన క్షణంలో నా మనసులో మొదట మెదిలింది అదే, రేపట్నించి నేనే పోయాలని.

అప్పటిదాకా మేం వాదించుకున్నది 28 వేలా, మూడు వేలా అని. ఆ రాత్రి తర్వాత మావారికీ నాకూ అసలు ప్రశ్న వేరే అని తెలిసింది. అత్తయ్య ఒక్కరే లోపలికి వెళ్ళి, కాలకుండా, జారకుండా, ఎవర్నీ పిలవకుండా స్నానం చేసి బయటికి రావాలి. దానికి ఏం కావాలి? మార్చడం, బాగుచేయించడం అన్నీ ఆ తర్వాత.

మా వాచ్‌మన్ ఒక పెద్దాయన్ని తీసుకొచ్చాడు. మా చుట్టుపక్కల అపార్టుమెంట్లలో చాలా ఏళ్ళుగా పైపు పనులు చేస్తున్నాడట. నేను పాత ప్లంబర్ మాట చెప్పి, "మొత్తం మార్చాలంటారా అన్నా?" అని అడిగాను.

"తీసి చూడకుండ ఎట్ల చెప్తనమ్మా?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద నమ్మకం కలిగింది.

మొదట ఏమీ విప్పలేదు. గీజర్‌కి చన్నీళ్ళు వెళ్ళే చోట చిన్న వాల్వ్ ఉంటుంది కదా, దాన్ని కట్టేశాడు. పది నిమిషాలు కూర్చున్నాం. షవరు కారడం తగ్గి, ఆగిపోయింది. "కారేది వేడి దిక్కు" అన్నాడు. వేడి నీళ్ళ వైపే ముందు పాడవుతుందట. మన బోరు నీళ్ళల్లో ఉన్న సున్నం వేడి తగిలితే తొందరగా పేరుకుంటుంది, గీజర్ నీళ్ళ గిన్నెలో అడుగున తెల్లగా పట్టేదీ అదే.

తర్వాత గోడ అవతలి వైపు చూశాడు. అటువైపు అత్తయ్య గది, బట్టల బీరువా. బీరువా జరిపించి గోడంతా చేత్తో తడిమాడు. రంగు పొక్కిందా, చెమ్మ ఉందా, తెల్లగా ఉప్పు పూసిందా? ఏమీ లేదు. కింది ఫ్లాటు వాళ్ళని కూడా అడిగి రమ్మన్నాడు. వాళ్ళ బాత్రూము పైకప్పు పొడిగానే ఉంది. "గోడ లోపట లీకు లేదు. దిమ్మ మంచిగుంటే లోపలి సామాను మారిస్తే సరిపోతది" అన్నాడు.

విప్పడం అంత తేలిగ్గా కాలేదు. బాత్రూముకి విడిగా ఉన్న గేట్ వాల్వ్ గార పట్టి పూర్తిగా కట్టుకోలేదు. డాబా మీదికి వెళ్ళి మా లైను మొత్తం ఆపాల్సి వచ్చింది. మా లైనులోనే ఉన్న పై ఫ్లాటు వాళ్ళకి ముందు చెప్పి, వాళ్ళు రెండు బకెట్లు పట్టుకున్నాక ఆపాం. నాబ్ మీది చిన్న ఎర్ర బిళ్ళని చాకు మొనతో తీసి, కింద మర విప్పితే నాబ్ వచ్చింది. దాని లోపల ఉన్న ఇత్తడి ముక్కని స్పిండిల్ అంటారు. అది మాత్రం కదల్లేదు. "బలం పెడితే దిమ్మే తిరుగుతది, అప్పుడు పైపు మరలు పోతయ్" అని, వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి రేపొస్తానని వెళ్ళిపోయాడు. వెనిగర్ మా వంటింట్లోదే. బాత్రూముల్లో కొందరు పోసే యాసిడ్ వాడొద్దని మరీ మరీ చెప్పాడు, పైపూత ఊడిపోతుందట.

మర్నాడు స్పిండిల్ ఊడొచ్చింది. అసలు పరీక్ష అప్పుడు. స్పిండిల్ వెళ్ళి కూర్చునే చోటు లోపల ఎలా ఉందో సెల్ టార్చి వేసి చూశాడు, చిటికెన వేలు పెట్టి తడిమాడు. నన్ను కూడా పెట్టి చూడమన్నాడు. నున్నగా ఉంది. అక్కడ గుంటలు పడినా, గీతలు పడినా కొత్త స్పిండిల్ వేసి లాభం లేదు, మళ్ళీ కారుతుంది. అలా ఉంటే మాత్రం మొదటి కుర్రాడు చెప్పినట్టు గోడ పగలగొట్టాల్సిందే. ఇంకో సంగతి కూడా చెప్పాడు. మా బిల్డింగులో గోడల్లో ఉన్నవి పాత జీఐ పైపులు. లోపల తుప్పు పట్టి ఉంటాయి. ఒక చోట విప్పితే ఆ కుదుపుకి పక్క అతుకు వదులవుతుంది. "గోడ తెరిస్తే ఈ ఒక్కదాంతోని ఆగదమ్మా. తెరిచిననాడు అన్ని పైపులు మార్చుకోవాలె. ఆ పైసలు ఉన్ననాడే తెరవండి."

విడి సామాన్లకి నేనే రాణీగంజ్ వెళ్ళాను. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ప్యారడైజ్‌లో దిగి ఆటో ఎక్కాను. పాత స్పిండిల్ రెండూ పాలిథిన్ కవర్లో, మధ్య నాబ్ తాలూకు గొట్టం లాంటి ముక్క గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. కంపెనీ ఆ మోడల్ ఆపేసినా ముక్కలు దొరుకుతాయని పెద్దాయన చెప్పాడు, పాతది చేతిలో లేకుండా మాత్రం వెళ్ళొద్దన్నాడు. ఎందుకో అక్కడికెళ్ళాక తెలిసింది. పొడుగు కలవాలి, మర కలవాలి, నాబ్ పట్టుకునే పళ్ళ లెక్క కలవాలి. పావు చుట్టు తిరిగేదా, అర చుట్టు తిరిగేదా అని ఇంకో తేడా. అన్నీ కలిశాక షాపాయన "హాటా కోల్డా?" అని అడిగాడు. పావు చుట్టువి వేడివైపుకి ఒకలా, చన్నీళ్ళవైపుకి ఒకలా, తిరిగే దిక్కు మారుతుందట. మూడో షాపులో మూడూ దొరికాయి.

గుండ్రటి నాబులు కొనబోయి ఆగాను. అత్తయ్య చెప్పిన మాట గుర్తొచ్చింది, సబ్బు చేత్తో తిప్పితే జారిపోయిందని. ఆవిడ వేళ్ళ కణుపులు వాచి ఉంటాయి, గట్టిగా పట్టుకోలేరు. ఇంటికి ఫోన్ చేసి ఆవిడనే అడిగాను. "పిడికిలితో తోస్తే తిరిగేది ఉందేమో చూడు" అన్నారు. పొడుగాటి పిడి ఉన్నవి దొరికాయి, పాత పళ్ళకి సరిపోయేవే.

ఆ సాయంత్రం పని పూర్తయింది. పెద్దాయన డబ్బులు తీసుకోబోతుంటే అత్తయ్య "ఆగు బాబూ" అని, చేతులకి సబ్బు రాసుకుని వచ్చి, స్టూలు మీద కూర్చుని మూడు పిడులూ తిప్పి చూశారు. వేడి పిడి కట్టేస్తే కింది వైపుకి ఉంది. "ఇటు కాదు, పైకి తోస్తే రావాలి, కిందికి కొడితే ఆగాలి, తొందరలో అదే నాకు వీలు" అన్నారు. ఉన్నది సరిగ్గా అలాగే ఉందని ఆయన చూపిస్తే, ఇంకోసారి తిప్పి చూసి "సరే అయితే" అన్నారు. ఆయన నవ్వి, "పెద్దమ్మ పాస్ చేసింది" అన్నాడు.

అంతటితో అయిపోలేదు. స్పిండిల్ కొత్తదైనా, నేను వంటింట్లో పంపు తిప్పితే చన్నీళ్ళ ధార తగ్గక మానదు కదా. అందుకని గీజర్ ముల్లు 50 దగ్గరికి తగ్గించాడు. గీజర్‌కి వెళ్ళే చిన్న వాల్వ్ సగం కట్టి, వేడి నీళ్ళ జోరు తగ్గించాడు. ఇప్పుడు చన్నీళ్ళు తగ్గినా నీళ్ళు మునుపటిలా కాగిపోవు. స్టూలుకి కుడివైపు గోడకి స్టీలు పట్టుకొమ్మ బిగించాడు. దానికి రెండు టైల్స్‌కి బెజ్జాలు పెట్టాల్సి వచ్చింది. నీలం పువ్వు మధ్యలో డ్రిల్లు దిగుతుంటే అత్తయ్య ముఖం చూశాను. ఏ బాధా లేదు.

థర్మోస్టాటిక్ వాల్వ్ సంగతి కూడా అడిగాను, అమ్మాయి మాట తీసెయ్యకూడదని. అది మంచిదే, ముఖ్యంగా ముసలివాళ్ళూ చిన్నపిల్లలూ ఉన్న ఇంట్లో. మామూలుగా 38 డిగ్రీల దగ్గర ఒక అడ్డు ఉంటుంది, బొత్తాం నొక్కితే గానీ అంతకు మించి తిరగదు. అయితే మన సున్నం నీళ్ళకి దాని లోపలి జాలీలు మాటిమాటికీ కడగాలట. గోడ తెరిచి పైపులన్నీ మార్చిన రోజున అదే పెట్టించాలని అనుకున్నాం. ఆ రోజు కోసం నెలకి కొంత పక్కన పెట్టడం మొదలుపెట్టాం.

మొత్తం ఖర్చు చెప్పకపోతే ఈ కథ పూర్తవదు. స్పిండిళ్ళు రెండూ 760, మధ్య నాబ్ తాలూకు ముక్క 1,450, పిడులు 900, పట్టుకొమ్మ 1,200, కూలీ 700. అంతా కలిపి 5,010 రూపాయలు. ఎన్నాళ్ళొస్తుందంటే పెద్దాయన "ఈ నీళ్ళకి రెండు మూడేండ్లు" అన్నాడు. అంతకు మించి ఆశ పెట్టలేదు. మాకు సరిపోతుంది. లోపల లీకు ఉన్నా, దిమ్మ పాడైనా, సామాను దొరక్కపోయినా, ఏడాదికి రెండుసార్లు ఇదే రిపేరు చేయించాల్సి వస్తున్నా, అప్పుడు నేనే గోడ పగలగొట్టమనేదాన్ని, దుమ్ముకి భయపడకుండా.

పాత స్పిండిల్ ఒకటి కవర్లో పెట్టి, వంటింటి సొరుగులో కొవ్వొత్తుల పక్కన దాచాను. మళ్ళీ రాణీగంజ్ వెళ్ళేటప్పుడు చూపించడానికి. వేడి పిడి మీద ఎర్ర గుర్తు చిన్నదిగా ఉంది, అత్తయ్య కళ్ళకి ఆనదు. మా అమ్మాయి వదిలేసి వెళ్ళిన గోళ్ళ రంగుతో పిడి చివర అంతా ఎర్రగా పూశాను. పొద్దున ఆవిడ స్నానానికి వెళ్తే మెషిన్ వేయడం మానేశాను. అరగంట ఆలస్యమైతే బట్టలకేం కాదు.

భుజం మూడు వారాలకి మానింది. మచ్చ ఉండిపోయింది.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ ఇంకా బేరం నడుస్తోంది. లోపలినుంచి గడియ పెట్టొద్దని నేను, పెడతానని ఆవిడ. జారిపడితే ఎలా తలుపు తీస్తాం అని నా భయం. గడియ లేకపోతే అది స్నానమెలా అవుతుందని ఆవిడ. చివరికి నిన్న ఒక ఒప్పందానికి వచ్చారు. గడియ పెట్టరు. నేను మాత్రం తలుపు మీద చెయ్యి వెయ్యకూడదు, పావుగంటకోసారి బయటినుంచే "అత్తయ్యా" అని పిలవాలి.

ఇవాళ పొద్దున పిలిచాను.

"బతికే ఉన్నాను, పో" అన్నారు లోపలినుంచి. వెనకాల షవరు చప్పుడు.